ఎడారి నగరంలో బ్యాండు పాటకు వెళ్ళేవారికి

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల సంగీతం మీద వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయాన్ని పట్టుకుని ఉన్నాయి. అమలాపురం నుంచి వచ్చినది వాటిలో పెద్దది. దానికే ఎక్కువ చోటు ఇచ్చాము.

ప్రశ్న: నేను 32 ఏళ్ళు తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. నా వయసు 63. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో ఫీనిక్స్ నగరాన్ని ఆనుకుని ఉన్న చాండ్లర్‌లో ఉంటారు. వచ్చే అక్టోబరులో వారి దగ్గరకు వెళ్తున్నాను. నన్ను అడగకుండానే అమ్మాయి ఒక ‘ఇండీ ఫోక్’ బ్యాండు కచేరీకి మూడు టికెట్లు కొనేసింది. నేను విన్నదల్లా కీర్తనలు, రేడియో పాటలు, తీర్థాలలో బుర్రకథలు, పద్యనాటకాలు. ఈ ఇండీ ఫోక్ మన జానపదం వంటిదేనా? ఆ ఇంగ్లీషు నాకు అందుతుందా? హాలులో నిలబడే వినాలని, లోపల మద్యం కూడా అమ్ముతారని అల్లుడు చెబుతున్నాడు. నాకు మోకాళ్ళ నొప్పి. వెళ్ళమంటారా, మానమంటారా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: తప్పకుండా వెళ్ళండి అమ్మా. అయితే ఆ కచేరీ మీరు దిగిన మొదటి వారంలో పడకుండా చూసుకోండి. అమెరికాలో చాలా రాష్ట్రాలు వేసవిలో గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతాయి కాని ఫీనిక్స్‌లో ఆ పద్ధతి లేదు. అందువల్ల మనకూ ఆ ఊరికీ ఏడాది పొడవునా 12 గంటల 30 నిమిషాల తేడా ఉంటుంది. అక్కడ రాత్రి 8 గంటలకు పాట మొదలయ్యేసరికి అమలాపురంలో మరునాడు ఉదయం ఎనిమిదిన్నర అవుతుంది. కొత్తగా దిగిన మనిషికి ఆ వేళకు శివరాత్రి జాగారం చేసి తెల్లవార్చినట్టు ఉంటుంది. నేను మా అబ్బాయి దగ్గరకు మొదటిసారి వెళ్ళినప్పుడు మూడో రోజునే ఇటువంటి కచేరీకి పోయి, రెండో పాటకే గోడకు చేరగిలబడి కునుకు తీశాను.

ఇక మీ అసలు ప్రశ్నకు వద్దాము. ‘ఇండీ’ అనేది ‘ఇండిపెండెంట్’ అనే మాటకు కురచ రూపం. మొదట అది పాట తీరును చెప్పే మాట కాదు, పాట ఎవరి సొత్తో చెప్పే మాట. ప్రపంచంలో రికార్డు వ్యాపారంలో పెద్ద భాగం నేడు యూనివర్సల్, సోనీ, వార్నర్ అనే మూడు సంస్థల చేతిలో ఉన్నది. అటువంటి పెద్ద సంస్థలతో పని లేకుండా సొంత డబ్బుతోనో, చిన్న కంపెనీల అండతోనో పాటలు రికార్డు చేసుకునే పద్ధతి 1970ల చివర బ్రిటన్‌లో ఊపందుకున్నది. ఆ బృందాలకే ఇండీ అనే పేరు స్థిరపడింది. కాలక్రమంలో అదే ఒక బాణీకి కూడా పేరైపోవడంతో, పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకున్న తరువాత కూడా కొన్ని బ్యాండ్లను ఇండీ అనే పిలుస్తున్నారు. నాటక సమాజంలో ఉన్నప్పుడు వచ్చిన పేరు సినిమాలోకి వెళ్ళినా వదలని నటుల వంటివారు వీరు.

‘ఫోక్’ అన్న మాట దగ్గరే మన వారు ఎక్కువగా తికమక పడతారు. ఆ మాటకు నిఘంటువులో జానపదమనే అర్థం. మన జానపద గీతానికి కర్త ఎవరో తెలియదు. నాట్లు వేసే ఆడవారి నోట, పడవ లాగేవారి నోట పెరిగిన పాటను మన గోదావరి ప్రాంతం వారైన నేదునూరి గంగాధరం గారి వంటివారు ఊరూరా తిరిగి సేకరించి కాగితం మీద పెట్టారు. అమెరికాలో 1930లలో జాన్ లోమాక్స్, ఆయన కుమారుడు అలాన్ లోమాక్స్ ఇదే పనిని రికార్డింగు యంత్రం వెంట పెట్టుకుని, అక్కడి పార్లమెంటు గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం చేశారు. ఆ రికార్డులు విని పెరిగిన తరం 1950లు, 60లలో గిటారు పట్టుకుని ఆ బాణీలోనే తమ సొంత పాటలు కట్టుకోసాగింది. 1959లో మొదలైన న్యూపోర్ట్ ఫోక్ ఉత్సవం ఆ తరానికి వేదిక అయింది. ఇప్పటి ఇండీ ఫోక్ వారు ఆ తరానికి మనుమల వంటివారు. సియాటిల్‌కు చెందిన ఫ్లీట్ ఫాక్సెస్, డెన్వర్‌లో స్థిరపడిన ది లూమినీర్స్ వంటి పేర్లు మీ అమ్మాయి నోట వినే ఉంటారు. బాన్ ఐవర్ అనే పేరుతో పాడే జస్టిన్ వెర్నన్ 2006–07 శీతకాలంలో విస్కాన్సిన్ అడవిలో తన తండ్రికి చెందిన ఒక గుడిసెలో ఒంటరిగా కూర్చుని తొలి పాటలను రికార్డు చేసుకున్నాడు. ఊరంతా కలిసి పాడుకునే పాట ఎక్కడ, అడవిలో ఒక్కడు కూర్చుని కట్టుకున్న పాట ఎక్కడ!

కనుక మీరు బుర్రకథను, ఏల పాటను మనసులో పెట్టుకుని వెళ్తే నిరాశ పడతారు. మన సంప్రదాయంలో దీనికి దగ్గరి చుట్టం వేరే ఉన్నది. ఆకాశవాణి లలిత సంగీతాన్ని తలచుకోండి. పిఠాపురం ప్రాంతంలో పుట్టిన దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి వంటి కవి రాసిన గీతాన్ని, రెండు మూడు వాద్యాల తోడుతో, గొంతు పెంచకుండా, ఒక మనిషి మరొక మనిషికి చెప్పుకుంటున్నట్టు పాడేవారు. కవి ఎవరో తెలుసు, బాధ ఆ కవిదేనని తెలుసు, అయినా వినేవారికి అది తమ సొంతమనిపిస్తుంది. ఇండీ ఫోక్ మర్మం కూడా ఇదే. భావగీతం పాఠం చెప్పిన తెలుగు ఉపాధ్యాయినికి ఈ పాట అర్థం కాకపోవడమనేది ఉండదని నా నమ్మకం.

మాటలు చెవికి అందకపోవచ్చు. అది వేరే సంగతి, దానికి విరుగుడు ఉన్నది. పద్యనాటకానికి వెళ్ళేవారికి పద్యాలన్నీ ముందే కంఠస్థమై ఉండేవి. రాయబారి నోరు తెరవకముందే ముందు వరుసవారు పద్యం ఎత్తుకునేవారు. మీరు కూడా అలాగే చేయండి. బ్యాండు పాటలలో ఓ అరడజను ఎంచమని అమ్మాయికి చెప్పండి. వాటి సాహిత్యాన్ని అచ్చు తీయించుకుని, పాట వినకుండా ముందు కవితలాగా చదవండి. తరువాత వినండి. కచేరీ రోజుకు ఆ ఆరు పాటలు మీకు తెలిసిన ముఖాలవుతాయి. మిగిలినవి ఎలాగూ వాటి వెంట వస్తాయి.

చెవిని ఒక్క విషయంలో మాత్రం కొత్తగా మలచుకోవాలి. మన భజనలో పదిమంది పాడినా అందరిదీ ఒకే స్వరం. ఈ బ్యాండ్లలో ముగ్గురు కలిసి పాడితే ఒకరు షడ్జమం మీద, ఒకరు గాంధారం మీద, మరొకరు పంచమం మీద ఒకే మాటను ఒకేసారి పలుకుతారు. దానినే హార్మనీ అంటారు. రాగానికి అలవాటు పడిన చెవికి మొదట్లో పాట ఎవరి దగ్గర ఉన్నదో తెలియక దారి తప్పినట్టు ఉంటుంది. అప్పుడు మీరు ఒక్క పాటంతా అన్నిటికన్నా కింది స్థాయిలో పాడే గొంతునే పట్టుకుని వినండి. రెండో పాటలో పై గొంతును పట్టుకోండి. మూడో పాటకు మూడూ కలిసి వినిపిస్తాయి. గమకాలు తక్కువగా ఉన్నాయని చిన్నచూపు వద్దు. వారు స్వరాన్ని ఊపకుండా నిలబెట్టేది పక్క గొంతుతో అతుకు కుదరడానికే.

పాటకూ పాటకూ మధ్య గాయకుడు తంతులు సవరించుకుంటూ కనిపిస్తే విసుగు పడకండి. ఫీనిక్స్ ఉన్నది సొనోరా ఎడారిలో. అక్కడ ఏడాది మొత్తానికి సగటున 20 సెంటీమీటర్ల వాన కూడా పడదు. గాలిలో తేమ లేకపోతే కర్ర ఎండి కుంచించుకుపోతుంది, గిటారు పలక బీటలు వారుతుంది. అందుకని గాలిలో సుమారు 45 నుంచి 55 శాతం తేమ ఉండేలా గిటారు పెట్టెలో తడి స్పాంజి వంటిది పెట్టుకుని తిరుగుతారు. మన కోనసీమలో కథ తిరగబడుతుంది. ఉక్క పట్టిన రోజున తోలు మెత్తబడి డప్పు మోగకపోతే గడ్డి మంట వేసి కాచుకుంటాము. వారికి తడి కావాలి, మనకు సెగ కావాలి. మీ పెదవులకు, గొంతుకు కూడా అక్కడ ఆ తడి అవసరమే కనుక దాహం వేయకపోయినా మంచినీళ్ళు తాగుతూ ఉండండి. హాలులోకి సీసా తీసుకువెళ్ళనివ్వకపోవచ్చు. లోపల అడిగి తాగండి.

మీరు అక్టోబరును ఎంచుకోవడం మంచిదైంది. 2023లో ఫీనిక్స్‌లో జూన్ చివర నుంచి జూలై చివర దాకా వరుసగా 31 రోజులు పగటి వేడి 43 డిగ్రీలు దాటింది. అక్టోబరు మొదటి వారాలలో పగలు ఎండ ఉన్నా రాత్రులు హాయిగా ఉంటాయి. హాలులో మాత్రం చలి యంత్రాలు గట్టిగా పనిచేస్తాయి. చీర మీదకు ఒక శాలువా ఉంచుకోండి. అక్కడ చీర కట్టుకుంటే బాగుంటుందా అని సందేహించవద్దు. ఎవరికి తోచినది వారు కట్టుకుని వచ్చే చోటు అది.

మోకాళ్ళ సంగతి నిజంగా ఆలోచించవలసినది. టికెట్టు మీద ‘జనరల్ అడ్మిషన్’ అని ఉంటే కుర్చీలు ఉండకపోవచ్చునని అర్థం. తలుపులు తెరిచే వేళ ఒకటి, పాట మొదలయ్యే వేళ మరొకటి రాసి ఉంటాయి; రెంటికీ మధ్య చాలాసార్లు గంట తేడా ఉంటుంది. ఆపైన ముందుగా ఒక చిన్న బృందం అరగంటో, ముప్పావుగంటో పాడుతుంది. ఆ తరువాత వేదిక సర్దుతారు. అసలు బ్యాండు సుమారు గంటన్నర పాడుతుంది. మొత్తం కలిపి మూడు నాలుగు గంటలు కాళ్ళ మీద నిలబడడం మీ వల్ల కాదు, నా వల్ల కూడా కాలేదు. అమెరికాలో 1990లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇటువంటి హాళ్ళు కూడా నిలబడలేనివారికి కూర్చునే ఏర్పాటు చేయాలి. అయితే అప్పటికప్పుడు గుమ్మం దగ్గర అడిగితే చోటు దొరకకపోవచ్చు కనుక, మీ అమ్మాయి వారం ముందే హాలువారికి ఉత్తరం రాసి మాట తీసుకోవాలి. మొహమాటం వద్దు. అది దయ కాదు, హక్కు.

ఏ హాలో మీరు రాయలేదు. ఫీనిక్స్ నడిబొడ్డున 2011లో తెరచిన క్రెసెంట్ బాల్‌రూమ్‌లో ఐదారు వందల మంది పడతారు. 2017లో తెరచిన ది వాన్ బ్యూరెన్ దానికి మూడింతలకు పైగా పెద్దది. ఒకే బ్యాండు రెండింటిలో పాడితే నేను చిన్నదానికే వెళ్తాను. గాయకుడు ఊపిరి తీసుకోవడం వినబడే దూరంలో లేకపోతే ఈ సంగీతానికి ఇల్లు వదిలి వెళ్ళడం దేనికి? కాళ్ళ నొప్పి బొత్తిగా ఒప్పుకోకపోతే, నగరానికి ఉత్తరాన 2010లో తెరచిన సంగీత వాద్యాల మ్యూజియం ఉన్నది. అందులో సుమారు 300 కుర్చీలున్న చక్కని హాలులో కచేరీలు జరుగుతాయి. ఎక్కడ కూర్చున్నా స్పష్టంగా వినిపిస్తుంది. కచేరీ లేకపోయినా ఆ మ్యూజియంలో ఒక పగలంతా గడపవచ్చు. మన దేశపు వాద్యాలు కూడా అక్కడ ఉన్నాయి.

చెవుల విషయంలో పేరు చూసి మోసపోకండి. ఫోక్ అన్నంత మాత్రాన మెత్తగా ఉంటుందని లేదు. డ్రమ్ములు, స్పీకర్లు ఉన్నప్పుడు వంద డెసిబెల్‌ల దాకా పోవచ్చు. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యాన్ని చూసే సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్‌ల శబ్దాన్ని రోజుకు 8 గంటల వరకు భరించవచ్చు. ప్రతి 3 డెసిబెల్‌లకు ఆ సమయం సగమవుతుంది. ఆ చొప్పున 100 డెసిబెల్‌ల దగ్గర 15 నిమిషాలే మిగులుతాయి. మందుల దుకాణంలో దొరికే స్పాంజి బిళ్ళలను చెవులలో పెట్టుకుంటే పాట పోదు, పోటు తగ్గుతుంది. స్పీకరుకు ఎదురుగా నిలబడకండి.

మద్యం అమ్మే మాట నిజమే. ఫీనిక్స్ ఉన్న అరిజోనా రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండనివారికి అది అమ్మరాదు. అందుకని గుమ్మం దగ్గర వయసు రుజువు అడిగి, చేతికి కాగితపు పట్టీ కడతారు, లేదా సిరా ముద్ర వేస్తారు. నెరిసిన జుట్టును చూసి కూడా అడుగుతారు, కోపం తెచ్చుకోవద్దు. మీ దగ్గర ఉండే రుజువు పాస్‌పోర్టు ఒక్కటే. నకలు చూపితే చాలాచోట్ల ఒప్పుకోరు కనుక అసలుదే అమ్మాయి సంచిలో భద్రంగా పెట్టించండి. సంచి అన్నాను కదా, దాని కొలతలకు కూడా నియమాలు ఉంటాయి. నేను భుజాన వేసుకుపోయిన గుడ్డ సంచిని ఒక హాలువారు లోపలికి రానివ్వలేదు. అందులో ఉన్నది ఒక కళ్ళజోడు పెట్టె, నాలుగు జంతికలు. అబ్బాయి దానిని కారులో పెట్టి రావడానికి పావుగంట నడిచాడు. తాగి అల్లరి చేసేవారు ఈ కచేరీలలో అరుదే. నా ఫిర్యాదు వేరు. వెనుక బారు దగ్గర చేరినవారు పాట సాగుతుండగానే లోకాభిరామాయణం మాట్లాడుకుంటారు. గాయకుడు గిటారు కూడా ఆపి ఉత్త గొంతుతో పాడే ఘడియలో ఆ గుసగుస ముల్లులాగా గుచ్చుకుంటుంది. వేదికకు ముందు మూడోవంతులో చోటు చూసుకుంటే ఆ బాధ ఉండదు.

చివరలో ఒక తమాషా జరుగుతుంది, ముందే చెబుతాను. అందరికీ నమస్కారం పెట్టి బ్యాండు లోపలికి వెళ్ళిపోతుంది. దీపాలు మాత్రం వెలగవు. జనం కదలరు, చప్పట్లు ఆపరు. రెండు నిమిషాలకు వారు తిరిగి వచ్చి మరో రెండు మూడు పాటలు పాడతారు. పద్యనాటకంలో ‘వన్స్ మోర్’ అంటే పాడిన పద్యమే మళ్ళీ పాడించుకునేవారు. ఇక్కడ దాచిపెట్టిన పాటలు వస్తాయి, వాటిలో చాలాసార్లు అందరికీ ఇష్టమైనది ఉంటుంది. అల్లుడు కారు రద్దీకి భయపడి ముందే బయలుదేరదామంటే ఒప్పుకోకండి.

గుమ్మం దగ్గర బల్ల మీద బ్యాండు వారి చొక్కాలు, రికార్డులు అమ్ముతారు. నలుగురైదుగురు మనుషులు ఒక వ్యానులో వాద్యాలు వేసుకుని, లాస్ ఏంజెలెస్ నుంచి ఫీనిక్స్ మీదుగా టూసాన్, అక్కడి నుంచి టెక్సాస్ వైపు ఒకే రహదారి పట్టుకుని రోజుకొక ఊరు తిరుగుతారు. మన నాటక సమాజాలు ఒక తీర్థం నుంచి ఇంకో తీర్థానికి సామాను బండ్లతో పోయినట్టే. ఇంటర్నెట్‌లో పాట వింటే వారికి ముట్టేది బహు తక్కువ. బల్ల దగ్గర కొన్న చొక్కా వారి పెట్రోలుకు పనికివస్తుంది. నేను కొన్న చొక్కాను ఇప్పటికీ ఇంట్లో వేసుకుంటాను, మా ఆవిడకు నచ్చదు.

దారిలో మీకు కాలువలు కనిపిస్తాయి. ఎడారిలో కాలువలేమిటని ఆశ్చర్యపోకండి. హోహోకమ్ అనే ప్రాచీన జనులు తవ్వి, సుమారు 1450 నాటికి విడిచిపోయిన కాలువల జాడలోనే 1860ల చివర కొత్తగా వచ్చినవారు నీళ్ళు పారించారు. పాత నాగరికత బూడిద నుంచి లేచిన ఊరు కనుక దానికి, బూడిదలోంచి మళ్ళీ పుడుతుందని కథలలో చెప్పే ఫీనిక్స్ పక్షి పేరు పెట్టారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పచ్చబడిన గడ్డ నుంచి వెళ్ళే మీకు ఆ కాలువ గట్టు కొత్తగా అనిపించదు.

ప్రశ్న: అమెరికన్ ఫోక్ బ్యాండ్ల వీడియోలలో మాండలిన్ కనిపిస్తున్నది. మా ఊరి శ్రీనివాస్ గారు వాయించిన మాండలిన్, అది ఒకటేనా? శబ్దం వేరుగా ఉన్నదే?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: పుట్టిల్లు ఒకటే, కాపురాలు వేరు. ఇటలీ నుంచి బయలుదేరిన ఈ వాద్యానికి నాలుగు జతలుగా ఎనిమిది తంతులు. వాటి శ్రుతి వయొలిన్ శ్రుతే. జత తంతులను వేగంగా మీటితే గలగలమనే ధ్వని వస్తుంది. ఫోక్ బ్యాండ్లకు కావలసినది అదే. డ్రమ్ములు లేని బృందాలలో మాండలిన్ వాద్యకారుడు తాళం ఎదురు దెబ్బ మీద తంతులను టక్కున కొట్టి వెంటనే అణచివేస్తాడు. ఆ టకటకే మృదంగం పని చేసిపెడుతుంది. బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లె సంగీతానికి ఆద్యుడైన బిల్ మన్రో వాయింపుతో ఈ పద్ధతికి పేరు వచ్చింది.

1969లో మీ పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారికి గలగల అక్కరలేదు, గమకం కావాలి. జంట తంతులను ఒకేసారి సాగదీసి గమకం పలికించడం కష్టం. అందుకని ఆయన ఒంటి తంతులు అయిదు ఉన్న ఎలెక్ట్రిక్ మాండలిన్ పట్టారు. దాని నాదం త్వరగా ఆరిపోదు కనుక స్వరం మీద నిలిచి రాగాన్ని మలచడం వీలైంది. 2014లో 45 ఏళ్ళకే ఆయన వెళ్ళిపోవడం మన దురదృష్టం. ఫోక్ బ్యాండు మాండలిన్‌లో శ్రీనివాస్ గారి ఆలాపన కోసం వెతకకండి, అది అక్కడ దొరకదు. కుడి చేతి మణికట్టును మాత్రం గమనించండి. ఆ చేతిలో ఉన్న లయకు మీ ఊరి చెవి తప్పక తల ఊపుతుంది.

ప్రశ్న: ఎడారిలో బ్యాండు పాట వినడానికి అమెరికా దాకా పోవాలా? పాస్‌పోర్టు లేనివాళ్ళం ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: పోనక్కరలేదు, జోధ్‌పూర్ వెళ్ళండి. 1459లో రావ్ జోధా పునాది వేసిన మెహ్రాన్‌గఢ్ కోటలో 2007 నుంచి రాజస్థాన్ అంతర్జాతీయ జానపద ఉత్సవం జరుగుతున్నది. శరత్పూర్ణిమకు, అంటే మన ఆశ్వయుజ పౌర్ణమికి, అటూ ఇటూ నాలుగైదు రోజులు. కోట గోడల నడుమ వెన్నెలలో రాత్రి కచేరీలు, తెల్లవారుజామున జస్వంత్ థడా పాలరాతి మంటపం దగ్గర ప్రభాత గీతాలు. విదేశాల నుంచి వచ్చిన కొత్త తరం బృందాలు, థార్ ఎడారిలోని మాంగణియార్, లంగా అనే గాయక కులాలవారు ఒకే వేదిక మీద కలిసి పాడడం అక్కడి ప్రత్యేకత.

మాంగణియార్లు ముస్లింలు, బాడ్‌మేర్, జైసల్మేర్ ప్రాంతాలలో తరతరాలుగా హిందూ యజమానుల ఇళ్ళలో పెళ్ళికి, పురుడుకు పాడడం వారి వృత్తి. వారి వాద్యం కమాయిచా. మేకతోలు కప్పిన గుండ్రని డొప్ప మీద కమానుతో లాగి వాయిస్తారు. దాని జీర గొంతు ఒకసారి చెవిన పడితే విడువదు. ఆ వాద్యంలో దిట్ట అయిన సాకర్ ఖాన్‌కు 2012లో పద్మశ్రీ వచ్చింది. ఈ గాయకులను లోకానికి పరిచయం చేసినది ప్రధానంగా కోమల్ కోఠారీ. ఆయన 1960లో విజయదాన్ దేథాతో కలిసి బోరుందా గ్రామంలో రూపాయన్ సంస్థాన్ స్థాపించి, ఊళ్ళు తిరిగి పాటలను టేపుల మీదకు ఎక్కించారు.

మన దేశపు ఇండీ ఫోక్ వినాలంటే ముందు ఇంట్లోనే మొదలుపెట్టండి. 1990లో ఢిల్లీలో ఏర్పడిన ఇండియన్ ఓషన్, మైసూరు వాడైన రఘు దీక్షిత్ బృందం ఇందుకు మంచి వాకిళ్ళు. రఘు దీక్షిత్ పాడే వాటిలో సాధుకవి శిశునాళ షరీఫ్ కన్నడ తత్వాలు ఉన్నాయి. మన బ్రహ్మంగారి తత్వాలు విని పెరిగినవారికి ఆ భాష రాకపోయినా దారి తెలుస్తుంది. జోధ్‌పూర్ కోటకు ఎక్కుడు ఉన్నది, చెప్పులు గట్టివి తొడుక్కోండి. అక్టోబరు చివర రాత్రులకు పలుచని స్వెట్టరు చాలు.

ప్రశ్న: నేను కూడా ఫీనిక్స్‌లో మా అమ్మాయి దగ్గరకే వెళ్తున్నాను. మనుమడికి 14 నెలలు. వాడిని ఎత్తుకుని కచేరీకి వెళ్ళవచ్చునా?
– ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: టికెట్టు మీద ‘ఆల్ ఏజెస్’ అని ఉంటే రానిస్తారు. అయినా రాత్రి హాలు కచేరీకి తీసుకువెళ్ళవద్దని నా సలహా. అంత చిన్న చెవులలో స్పాంజి బిళ్ళలు పెట్టకూడదు; పిల్లల కోసం చేసిన చెవి కప్పులు దొరుకుతాయి కాని 14 నెలల వాడు వాటిని పది నిమిషాలు ఉంచుకుంటే గొప్ప. పార్కులో పగటిపూట ఆరుబయట జరిగే కచేరీ అయితే చెవి కప్పులతో, స్పీకర్లకు దూరంగా, చెట్టు నీడన దుప్పటి పరచుకుని కూర్చోవచ్చు. లేదంటే ఒక కచేరీకి మీరు మనుమడితో ఇంట్లో ఉండి అమ్మాయిని, అల్లుణ్ణి పంపండి. మరో కచేరీకి వారు ఇంట్లో ఉంటారు. అప్పుడు పై అమలాపురం టీచరు గారు ఆ ఊళ్ళోనే ఉంటే, మీ ఇద్దరూ కలిసి వెళ్ళిరండి.